నలభై రోజుల బంద్

ముందుగా నా చేతిరాత గురించి చెప్పాలి, ఎందుకంటే జరిగిన గోలంతా దానివల్లే జరిగింది. మొయినాబాద్ చుట్టుపక్కల నా అంత గుండ్రంగా రాసేవాడు అప్పట్లో లేడు. పెళ్లిపత్రికల మీది చిరునామాల నుంచి సమాధి రాళ్ల మీది పేర్ల దాకా అన్నీ నా దగ్గరికే వచ్చేవి. సురంగల్ మిషన్ బడిలో పదేళ్లు పంతులుగా పనిచేశాక పిల్లలకు ఏం వచ్చిందో చెప్పలేను గానీ, స్వామిదాసు సారు అక్షరానికి మాత్రం పేరొచ్చింది. ఆ పేరును నేను కాస్త ఎక్కువగానే మోశాను.

అది 1969. బడి తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. తెలంగాణ కావాలని పిల్లలు రోడ్డెక్కారు. పట్నం నుంచి వచ్చే కబుర్లలో మంచివి తక్కువ. కాల్పుల్లో పోయిన పిల్లల కోసం ఆదివారం ఆరాధనలో లేచి నిలబడేవాళ్లం. మిగతా ఆరు రోజులు నాకు పనిలేదు. మా అక్క కరుణమ్మ ఇంట్లో మూడు పూటలా తిని కూర్చునేవాణ్ణి. పనిలేని పంతులు ఇంట్లో ఉంటే ఎంత విసుగో మా అక్క రోజుకోసారి నాకు గుర్తుచేసేది.

అక్క భర్త మోషే బావ పోయి అప్పటికి ఆరేళ్లు. ఆయన వదిలివెళ్లింది నాలుగావులు, రెండు బర్రెలు, పన్నెండు మేకలు, సురంగల్ నుంచి కనకమామిడి పోయే బాట పక్కన పదెకరాల బీడు. బీడు ఆయన తమ్ముడు ప్రేమదాసుతో ఉమ్మడి. పేరుకు గడ్డి బీడే గానీ అందులో గడ్డి ఎప్పుడో అడుగంటింది. వానాకాలంలో కూడా ఎర్రమట్టి, గులకరాళ్లు, పల్లేరుకాయలు. గరిక తలెత్తితే చాలు, మా గొడ్లో ఊరి గొడ్లో కొరికేసేవి. ప్రతి ఎండాకాలం మేత దొరక్క అక్క ఒక పశువును చేవెళ్ల అంగడికి తోలేది. తోలివచ్చిన రోజు అన్నం ముట్టేది కాదు.

ప్రేమదాసు చిన్నబావ చెడ్డవాడు కాదు. చర్చిలో పెద్దమనిషి, గొంతు అంతకన్నా పెద్దది. మా అక్కను ఏదైనా అడగడం ఆయనకు అలవాటు లేదు, చెప్పడమే అలవాటు. ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడి చెప్పాడు.

"వదినె, పట్నంకెల్లి ఒక సేటు అంగూర్ తోట పెడ్తడట. మన బీడు పదేండ్లకు కౌలుకిస్తున్న."

"మరి నా గొడ్లు?"

"అమ్మేద్దాం. గా బొక్కలు తేలిన గొడ్ల కోసం పదెకరాలు ఎవలన్న ఆపుకుంటరా."

అక్క కేకలు వేయలేదు. మజ్జిగ చిలుకుతున్న చేయి ఆపి ఒక్క గడువు అడిగింది. "కోత పండుగ దాక ఆగు. గప్పటికి నా గొడ్లు గీ బీడుల కడుపునిండ మేస్తలేవంటె, నేనే వేలిముద్ర ఏస్త."

కోత పండుగంటే మా చర్చివాళ్లు నవంబరులో పంటల తొలిభాగం తెచ్చి దేవుడి ముందు పెట్టే ఆదివారం. అంటే ఏడు నెలలు. ఏడు నెలల్లో రాళ్ల మీద గడ్డి మొలిపించడం ఎవరివల్లా కాదని చిన్నబావకు తెలుసు. అందుకే నవ్వుతూ ఒప్పుకున్నాడు. నాకూ తెలుసు, అందుకే ఆయన వెళ్లాక అక్కతో పోట్లాడాను. ఆమె మళ్లీ మజ్జిగ చిలకడం మొదలుపెట్టింది.

ఈస్టరు తెల్లవారుజామున మావాళ్లంతా బొందలగడ్డకు వెళ్లి, సమాధులు శుభ్రం చేసి పాటలు పాడతారు. అక్క మోషే బావ సమాధి చుట్టూ గడ్డి కోస్తూ ఆగిపోయింది. కొడవలి పక్కన పెట్టి, గడ్డి మొదట్లో వేలు గుచ్చి తవ్వింది. అందరూ పాట పాడుతుంటే నన్ను చేయిపట్టి లాగింది.

"తమ్మీ, గిది సూడు. ఎండలు మండుతున్నయి, ఈడ మోకాలెత్తు గడ్డి ఎట్లున్నది?"

"గోడ ఉన్నది గదక్కా. గొడ్లు రావు."

"తూర్పు గోడ కూలి రెండేండ్లాయె."

నిజమే, కూలింది. ఆ సందులోంచి అప్పుడే ఒక తల లోపలికి వచ్చి, ఇంతమంది జనాన్ని చూసి బయటికి పోయింది. అది కొమురయ్య తల. ఊళ్లో అరవై గొర్రెల మంద ఉన్నవాడు, నోట్లో ఎప్పుడూ ఒక వేపపుల్ల ఉంటుంది. అక్క పరుగెత్తి ఆయన్ను పట్టుకుంది.

"కొమురన్నా, నిజం జెప్పు. నీ గొర్లు ఈడ మేస్తున్నయా?"

కొమురయ్య చాలాసేపు వేపపుల్ల నమిలాడు. "రెండు నెలలకోపారి తోలుత. రెండు దినాలు మేసెసరికి కావలాయన ఎల్లగొడ్తడు. మల్ల రెండు నెలలు ఇటు మొకం బెట్ట. పాదిరిగారికి చెప్పకు చెల్లె."

"చెప్ప. గని గొర్లు మేసినంక సుత గడ్డి గింత మంచిగ ఎట్ల లేస్తున్నది?"

"మేసినయి గాబట్టే లేస్తున్నది." కొమురయ్య నోట్లో పుల్ల తీసి, ముళ్లకంప అడ్డంగా పడి ఉన్న మూలను చూపించాడు. "అగో, ఆడికి నా గొర్లు పోలేవు. తినేటోడు లేక గడ్డి నల్లగయి నిలువున సచ్చింది. మీ బీడుల సంగతేంది, దినాం తింటయి, ఆడ లేవనే లేవదు. తినాలె, మల్ల ఇడిసిపెట్టాలె. రెండూ గావాలె."

నేను పదేళ్లలో ఒక్క పాఠం కూడా అంత క్లుప్తంగా చెప్పలేదు. కాస్త ఉడుకుమోత్తనం కలిగిన మాట నిజం.

ఆ రోజు నుంచి అక్క బీడును ఐదు ముక్కలు చేసే పనిలో పడింది. రాళ్లు పేర్చి హద్దులు గీసింది, హద్దుల మీద రేగుకంప పరిచింది. ఆమె ఆవులు, బర్రెలు, మేకలు, కొమురయ్య గొర్రెలు అన్నీ కలిపి ఒకే ముక్కలో మేయాలి. సాయంత్రం మంద అక్కడే పడుకోవాలి. మామూలుగా అయితే పొలంలో మంద పడుకోబెట్టినందుకు రైతు కాపరికి జొన్నలు కొలిచి ఇస్తాడు. ఇక్కడ ఆయనకు మేత, ఈమెకు ఎరువు. మిగతా నాలుగు ముక్కల్లో గొడ్డు అడుగుపెట్టడానికి వీల్లేదు.

"ఎన్ని దినాలు ఇడిసిపెట్టాలె?" అని నేనడిగాను.

"నలభై."

"నలభయ్యే ఎందుకు?"

"ఈస్టరుకు ముందు లెంటుల మనం నలభై దినాలు నోరు కట్టుకుంటలేమా. గొడ్లు కట్టుకోలేవా."

ఇది వ్యవసాయం, ఉపవాసం కాదని నేను గట్టిగా వాదించాను. తర్వాత పలక మీద లెక్క వేశాను. ఐదు ముక్కలు, ఒక్కోదాంట్లో పది రోజుల మేత, అంటే మేసిన ముక్కకు మళ్లీ వంతు వచ్చేసరికి సరిగ్గా నలభై రోజులు. పలక తుడిచేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో వాన పడింది. బీడు పచ్చగా తలెత్తింది. అప్పుడే ఊళ్లో పొయ్యిలు కూడా బాగా మండసాగాయి. మేం పరిచిన రేగుకంప రాత్రికి రాత్రే మాయమయ్యేది. పక్కింటి అంతమ్మ తన బర్రెలను దర్జాగా బీడులోకి తోలి, అక్క ఆపితే విడ్డూరంగా చూసింది. "బీడు బీడే గద కరుణా. నాట్లేసినవా, ఇత్తులేసినవా. మా తాతల కాడికెల్లి మేపుకుంటున్నం."

అక్కకు కోపమైతే వచ్చింది, కానీ అంతమ్మ మాట అబద్ధం కాదు. పైరు లేని నేల అందరిదీ అన్నది ఆ ఊళ్లో పాతకాలపు పద్ధతి. అక్క గొడ్లూ ఒకప్పుడు అంతమ్మ బీడులో మేసినవే. ఇంటికొచ్చి నా ముందు ఒక చెక్కపెట్టె మూత పడేసింది. బడి పుస్తకాల పెట్టెది, విరిగి నాలుగు ముక్కలైంది.

"గింత సక్కగ రాస్తనని చెప్పుకుంటవు గద. బోర్డులు రాయి."

నేను సంతోషంగా కూర్చుని, 'ఈ భాగమునందు నలువది దినముల పర్యంతము పశువులను మేపుట నిషేధము' అని మనసులో కూర్చుకున్నాను. చెక్క మీద 'ఈ భాగమునం' దాకా వచ్చేసరికి చోటు అయిపోయింది. అక్క నా భుజం మీదుగా చూసింది. "ఎవలు చదువుతరు గంత? తుడిపి, బంద్ అని రాయి."

ఆమె మాటలో న్యాయముంది. ఆ ఏడు చదువు రానివాళ్లు కూడా చదవగలిగిన మాట అదొక్కటే. గోడల మీద, బస్సుల మీద, మూసిన దుకాణాల తలుపుల మీద ఎక్కడ చూసినా ఆ మాటే. అక్షరం తెలియని అంతమ్మ కూడా దాని ఆకారం గుర్తుపట్టేది. బడి తలుపుకు వేయగా మిగిలిన ఎర్రరంగుతో, నా బతుకులోకెల్లా గుండ్రటి అక్షరాలతో, నాలుగు చెక్కల మీదా 'బంద్' అని రాశాను. కర్రలకు కొట్టి నాలుగు ముక్కల్లో పాతాం. మేస్తున్న ముక్కకు బోర్డు లేదు.

మర్నాడు అంతమ్మ బర్రెలతో వచ్చి, బోర్డు చూసి ఆగిపోయింది. చేతులు జోడించి దండం పెట్టి, బర్రెలను మళ్లించుకుని పోయింది. నేను నివ్వెరపోయాను. అక్క మాత్రం, ఎట్లయితేనేం, పోయింది గద అంది.

వారం తిరిగేసరికి సంగతి అర్థమైంది. సురంగల్‌లో పొలాలు కూడా తెలంగాణ కోసం బంద్ చేశాయని కనకమామిడిలో చెప్పుకుంటున్నారు. పది రోజులకోసారి మేం బోర్డు పీకి పక్క ముక్కలో పాతితే, ఒక పొలం బంద్ విరమించిందనీ ఇంకో పొలం చేరిందనీ వార్త ఆలూరు దాకా పోయింది. బాటమీద పోయే కాపరులు మందను దూరంగా తిప్పుకుని పోయేవాళ్లు. రేగుకంప ఎత్తుకుపోవడం ఆగిపోయింది. గడ్డి హాయిగా లేస్తోంది.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మొయినాబాద్‌లో ఎంకయ్య హోటల్లో కూర్చుంటే, బంద్ బోర్డు రాసిన సారు ఈయనే అని ఎవరో అన్నారు. నాకు చాయ్ తెచ్చి పెట్టారు, పైసలు అడగలేదు. రెండోరోజు చాయ్‌తో పాటు బిస్కెట్లు వచ్చాయి. అది గడ్డి కోసం పెట్టిన బోర్డు అని చెప్పడానికి నోరు తెరిచాను, బిస్కెట్టు పెట్టుకుని మూశాను. నెల రోజుల పాటు అట్లాగే తెరిచి మూస్తూ ఉన్నాను. పట్నంలో పిల్లలు నిజంగా దెబ్బలు తింటుంటే, నేను గడ్డి పేరు మీద బిస్కెట్లు తిన్నాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు సైకిల్ మీద ఒక పోలీసు జవాను వచ్చాడు. బోర్డు ముందు సైకిల్ ఆపి చిన్న పుస్తకం తీశాడు. నేను తంగేడు పొద వెనక నిలబడి పూలు చూడటం మొదలుపెట్టాను. అక్క ఎదురెళ్లింది.

"గీ బంద్ ఎవలు పెట్టిన్రమ్మా?"

"నేనే."

"ఎవలు పిలుపిచ్చిన్రు?"

"ఎవలు పిలుస్తరు. వాన పడ్డది, పెట్టిన."

"ఎన్ని గంటలు?"

"గంటలేంది నాయినా. నలభై దినాలు."

జవాను పుస్తకం మూసి, మళ్లీ తెరిచాడు. "పట్నంల గూడ గన్ని దినాలు జెయ్యలే గద. ఎవల్ని ఆపుతున్నరు మీరు?"

"నాలుగావులు, రెండు బర్లు, పన్నెండు మేకలు. కొమురయ్యయి అరవై గొర్లు."

ఆయన మేకల దాకా రాసుకుని, అప్పుడు పెన్సిలు ఆపి పొలంలోకి చూశాడు. ఆయనా ఎక్కడో రైతుబిడ్డే అయి ఉండాలి. నవ్వు పెదాల మీదికి రాకుండా చాలా కష్టపడి, రాసింది కొట్టేసి, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి పోయాడు. తంగేడు పూలు బాగున్నాయా అని అక్క నన్ను సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

ఆగస్టులో వానలు మొహం చాటేశాయి. పక్క బీళ్లన్నీ మళ్లీ ఎర్రబడ్డాయి. మా బీడులో మాత్రం గడ్డి వాడలేదు. అక్క ఒక దుబ్బు పీకి చూపించింది, వేరు జానెడు దిగి ఉంది. రోడ్డు పక్క ముక్కలో చెంగలి గడ్డి, దాని మధ్య నడుమెత్తు బోదగడ్డి వెన్నులు తీశాయి. గింజ ఇంకా పాలు మీద ఉంది. ఆ ముక్కకు బంద్ పెట్టి ముప్పై రోజులు. గింజ ముదిరి రాలితే వచ్చే ఏటికి విత్తనమని, ఈ పది రోజులు గట్టెక్కాలని అక్క రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసేది.

సరిగ్గా అప్పుడే ఎంకయ్య హోటల్లోకి భిక్షపతి వచ్చాడు. ఆలూరు కుర్రవాడు, పట్నంలో బీఏ చదువుతూ కాలేజీ మూతపడి ఊళ్లో ఉంటున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఉద్యమం సభలన్నీ అతనే నడిపేవాడు. నా చేయి పట్టుకుని, "సారూ, రేపు ఆదివారం మన సభ మీ బంద్ పొలంలనే పెడ్దాం. నాలుగైదు వందల మంది వస్తరు. అంతకన్న మంచి జాగ ఏడున్నది?" అన్నాడు.

కాదనడానికి నోరు తెరిచాను. హోటల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నా నోరు సరే అంది.

ఇంటికొచ్చి చెప్పేసరికి అక్క చేతిలో చెంబు కింద పెట్టింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అయిదు వందల మంది తొక్కుతరు తమ్మీ. రేపటి సంది గది బాట అయితది, బీడు గాదు. నా ఆవులను అంగడికి నువ్వే తోలుకపో," అని లోపలికి వెళ్లింది. ఆ మాట వినడానికి అన్నట్టు చిన్నబావ వాకిట్లోకి వచ్చాడు. ఊరంతా తెలిసిపోయింది కదా. "ఇంత మంచి పనికి గడ్డి అడ్డమంటె నలుగురు ఏమంటరు వదినె," అని ధర్మం చెప్పి పోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక జనం నడిచి వచ్చారు, బండ్లు కట్టుకుని వచ్చారు. ముందు భిక్షపతి. అక్క బోర్డు పక్కన నిలబడి ఉంది, తెల్లచీర, చేతిలో బైబిలు ఇంకా అట్లాగే ఉంది. నేను ఆమె వెనక నిలబడ్డాను, ఈసారి పొద వెనక దాక్కోలేదని మాత్రం రాసుకోండి.

"బిడ్డా, ఆగు," అంది అక్క. "ఒక మాట జెప్పాలె. గిది మీ బంద్ గాదు."

భిక్షపతికి అర్థం కాలేదు.

"గడ్డి కోసం పెట్టిన. గొడ్లు నలభై దినాలు రావద్దని పెట్టిన. మీ పేరు జెప్పుకొని నా గడ్డి బతికింది. నేను తెలంగాణ వద్దన్నదాన్ని గాదు, గని ఉన్నమాట జెప్పకుంట మీ దండాలు తీసుకున్న. తప్పే."

జనంలో గుసగుసలు లేచాయి. ఇదంతా మోసమా అని ఎవరో అన్నారు. చాయ్ తాగింది సారు కదా అని ఇంకెవరో అన్నారు. నేను ముందుకొచ్చి, తప్పు నాదేనని చెప్పాను. మొదటి మాటే కష్టమైంది, తర్వాత తేలికైంది. భిక్షపతి మొహం ఎర్రబడింది. ఎంతైనా ఆ పొలం గురించి అతను నాలుగు ఊళ్లలో ఉపన్యాసం చెప్పి ఉన్నాడు.

"ఇంగొక్క మాట అడుగుత," అంది అక్క. "బంద్ నాడు దుకాణపాయన, నాలుగు గంటలే తెరుస్త, మంచి పని కోసమే తెరుస్త అంటె మీరు ఊకుంటరా?"

"ఊకోం," అన్నాడు భిక్షపతి, అలవాటుగా.

"మరి దీనికి ఇంక తొమ్మిది దినాలున్నది."

భిక్షపతి బోర్డు వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. తర్వాత వంగి ఒక బోదగడ్డి వెన్ను వేళ్ల మధ్య పట్టి నలిపాడు, పాలు కారాయి. "ముదరలే ఇంక," అని తనలో తాను అనుకుని, పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతో జనం కూడా నవ్వారు. "బంద్ అంటె బందే. వెనకకు జరుగుండ్రి," అని చేయి ఊపాడు.

"ఎనకకెందుకు," అంది అక్క. "గా ముక్క తెరిచే ఉన్నది. గొడ్లు మేస్తున్నయి, మీరు సుత తొక్కుండ్రి. పేడ, గింజ, అన్నీ మట్టిల కలుస్తయి, దానికి మంచిదే."

అట్లా సభ మేస్తున్న మంద మధ్య జరిగింది. ఐదు వందల మంది పేడకళ్లు తప్పించుకుని కూర్చున్నారు. భిక్షపతి మంచి మాట అన్నప్పుడల్లా మా పెద్ద బర్రె తల ఎత్తి చూసేది. ఉపన్యాసం సగంలో ఒక మేక అతని కాగితాలు తినేసింది, మిగతాది నోటికొచ్చినట్టు మాట్లాడాడు, అదే బాగుందని అందరూ అన్నారు. మజ్జిగ పంచడంలో నా నడుం విరిగింది. చివర్లో భిక్షపతి, కరుణమ్మ గడ్డి బంద్‌కు మన పూర్తి మద్దతు అన్నాడు. ఆ తర్వాత బోర్డులను ఎవరూ కదపలేదు. అంతమ్మ అయితే ఒక చెక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "నాది సుత రాసియ్యి సారూ, గొడ్ల బందే," అంది.

మళ్లీ వానలు పడ్డాయి. సెప్టెంబరులో అక్క ఆవుల వెన్నుపూస కనబడటం మానేసింది. పొద్దున పాలు ఇంటికి పోను మిగిలి, ఎంకయ్య హోటల్‌కు వెళ్లేవి. నేనే మోసేవాణ్ణి, చాయ్‌కు పైసలు ఇచ్చి తాగేవాణ్ణి. రెండు ముక్కల్లో గడ్డి గొడ్లకు మిగిలిపోతే కోసి వామి వేశాం. అక్క పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో గడ్డివామి లేవడం అదే మొదలట. ఆమె దాని చుట్టూ ఊరికే తిరిగి వచ్చేది.

కోత పండుగ వచ్చింది. అందరూ గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టారు. అక్క ఒక చెంబెడు నెయ్యి పెట్టింది. ఆరాధన అయ్యేసరికి చర్చి బయట పట్నం కారు ఆగి ఉంది. అంగూర్ సేటు. చిన్నబావ తెల్లపంచెలో ఆయన్ను బీడుకు తీసుకెళ్లాడు. వెనక అక్క, ఆమె వెనక నేను.

కొమురయ్య గొర్రెలు, అక్క ఆవులు మూడో ముక్కలో మేస్తున్నాయి. కడుపులు నిండి కొన్ని పడుకున్నాయి. సేటు వాటిని చూడలేదు, నేలను చూశాడు. బూటు మడమతో ఒక తన్ను తన్నాడు. ఈస్టరుకు ముందు చూడవచ్చి ఆయన తన్నితే రాయిలా మోగిన నేల మెత్తగా దిగింది. పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు.

"ప్రేమదాసు గారూ, పోయినసారి ఏదో చూద్దామన్న. ఇప్పుడు నిజంగనే కావాలె నాకు. ముందు అనుకున్నదానికి మీదనే ఇస్త. కాగితాలు కార్ల ఉన్నయి."

బీడు బాగుపడితే దక్కుతుందని అక్క అనుకుంది, బాగుపడింది కాబట్టే పోయేట్టుంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవుల వైపు చూస్తోంది.

చిన్నబావ ఒక రాయి మీద కూర్చుని, పంచెకు గుచ్చుకున్న గడ్డిగింజలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. చాలా గుచ్చుకున్నాయి. అటూ ఇటూ నడుమెత్తు బోదగడ్డి ఎర్రబారి నిలబడి ఉంది. ఒక పోచ తెంపి, వంచి, విరగలేదని చూసుకున్నాడు.

"మా నాయిన ఇంటిమీద కప్పింది గీ గడ్డే," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "అన్న, నేను మోపులు మోసుకపోతుంటిమి. గీ జాగల గిది ఇంక లేదనుకున్న."

సేటు మర్యాదగా ఆగి, గొంతు సవరించుకున్నాడు. చిన్నబావ తలెత్తి, ఆయన్ను దాటి మా అక్కను చూశాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

"వదినె, ఏమంటవ్?"

ఏడు నెలలుగా అక్క ఆ రోజు కోసం మాటలు కూడబెట్టుకుంది. పొయ్యి దగ్గర కూర్చుని ఆయనతో పోట్లాడటం నేను ఎన్నోసార్లు విన్నాను. అవన్నీ ఆయన చెబితే అనడానికి దాచుకున్న మాటలు. ఆయన అడుగుతాడని ఆమె అనుకోలేదు. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి, నోట ఒక్క మాటే వచ్చింది.

"ఇయ్య."

చిన్నబావ లేచి నిలబడ్డాడు.

"ఇయ్యదట," అన్నాడు సేటుతో. కొంచెం ఆగి, "నేను సుత ఇయ్య," అన్నాడు.